మత్తడి రెండడుగులు లేపుదామా? ఒక చెరువు లెక్క, 1369 నుంచి ఇప్పటిదాకా

ఈ ఎపిసోడ్ నా తప్పు ఒకటి ఒప్పుకుంటూ మొదలుపెట్టాలి.

పోయిన ఎండాకాలం మా దేవరుప్పుల మండలంలో ఒక ఊరి చెరువు కట్ట మీద నిలబడి చిన్న వీడియో చేశా. నిమిషం కూడా ఉండదు. "ఈ మత్తడి రెండడుగులు లేపితే ఇంకో రెండు నెలలు నీళ్లు ఆగుతాయి కదా, ఎందుకు లేపట్లేదు?" అని అడిగా. బాగా తిరిగింది ఆ వీడియో. ఎంత తిరిగిందంటే, ఊళ్లో మన వయసు వాళ్లు చందాలేసుకుని సిమెంటు తెద్దామనే దాకా పోయింది. నేనూ వెయ్యి రూపాయలు రాయించా.

తర్వాత ఒక తాత నన్ను కట్ట మీదికి పిలిచాడు. వాళ్లింట్లో తరతరాలుగా నీరడి పని. తూము ఎప్పుడు తీయాలి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు వదలాలి అన్నది చూసుకునే పని అది. ఆయన నన్ను తిట్టలేదు. ఒక్కటే అడిగాడు: "పైన కుంట తెగితే ఆ నీళ్లన్ని ఒక్కపారి మన చెరువుకే వస్తయ్ బిడ్డా. ఆ రెండడుగుల జాగా నువ్వు ముందుగాలనే నింపి పెట్టినవ్. గవి యాడికి పోవాలె?"

బీటెక్ చేశా, నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీలో కోడ్ రాశా. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఈ ఎపిసోడ్ ఆ జవాబు కోసం నేను పడ్డ తిప్పలు.

సిటీలో ఉండి చూస్తున్న వాళ్ల కోసం ఒక్క మాట. మత్తడి అంటే చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు బయటికి దుమికే రాతి కట్టడం. ఆంధ్ర వైపు అలుగు అంటారు. తూము అంటే పొలాలకు నీళ్లు వదిలే దారి. మా వైపు "మత్తడి దుంకుతుంది" అంటే ఊరంతా పండగ. ఆడవాళ్లు పసుపు కుంకుమలతో వస్తారు, పిల్లలు చేపల కోసం వస్తారు, నాలాంటోళ్లు ఫోన్లతో వస్తారు.

దేవరుప్పుల అంటే చాలామందికి కడవెండి గుర్తొస్తుంది. 1946 జులై 4న దొడ్డి కొమురయ్య నేలకొరిగిన ఊరు మా మండలమే. అది భూమి కథ, దానికి వేరే ఎపిసోడ్ కావాలి. ఇది నీళ్ల కథ. మాకు పెద్ద నది లేదు. మా వాగుల నీళ్లు చివరికి కృష్ణా బేసిన్‌లో పడతాయి. ఇప్పుడు దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు మా వైపు వస్తున్నాయి, అంటే ఒక నది నీళ్లను ఇంకో నది ఒడిలోకి మోటార్లతో ఎత్తి పోస్తున్నాం. కానీ ఆ మోటార్లు రాకముందు కొన్ని వందల ఏళ్లు ఇక్కడ జనం బతికింది నాలుగు నెలల వానని పన్నెండు నెలలు దాచుకుని. కింద అంతా గ్రానైట్. ఇసుక నేలలాగా నీళ్లు తాగే నేల కాదిది. అందుకే పైన కుంట, దాని మత్తడి నీళ్లు కింద చెరువుకి, దాని మత్తడి నీళ్లు ఇంకా కింద చెరువుకి. గొలుసుకట్టు అంటాం కదా, అదే.

గొలుసుకట్టు అనగానే కాకతీయులు. గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా ఏలాడు. పాకాల, రామప్ప, లక్నవరం లాంటి పెద్ద చెరువులన్నీ ఆ కాలం చుట్టూ పుట్టినవే. 2015లో పూడికతీత పథకం మొదలైనప్పుడు కూడా ఆ పేరే పెట్టుకున్నారు, మిషన్ కాకతీయ. 46 వేలకు పైగా చెరువులు, కుంటలు లెక్కలోకి తీసుకున్నారు. కానీ నా ప్రశ్న చెరువు ఎవరు తవ్వించారని కాదు. మత్తడి ఎంత ఎత్తు ఉండాలో ఎలా లెక్కేశారని.

దానికి రాతిలో రాసిన జవాబు దొరికింది, కానీ మా దగ్గర కాదు. కడప జిల్లా పోరుమామిళ్లలో. అక్కడి చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువది. రెండేళ్ల పాటు రోజూ వెయ్యి మంది కూలీలు పనిచేశారని, రాళ్లకు వంద బండ్లు తిరిగాయని అందులో ఉంది. అసలు విషయం అది కాదు. మంచి చెరువుకి ఉండాల్సిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కించారు.

పన్నెండింటిలో మొదటిది ధర్మబుద్ధి, డబ్బు ఉన్న రాజు. రెండోది పాథశ్శాస్త్రం తెలిసిన మనిషి. పాథస్సు అంటే నీళ్లు, అంటే నీటి శాస్త్రం చదివినవాడు. మొదట బడ్జెట్, తర్వాత ఎక్స్‌పర్ట్! మన ప్రాజెక్టుల్లో ఈ రెండోవాడు చాలాసార్లు రిబ్బన్ కటింగ్ అయ్యాక వస్తాడు, సరే వదిలేయండి. ఆ తర్వాత గట్టి నేల కావాలి, మూడు యోజనాల దూరం పారే తియ్యటి నీళ్ల ఏరు కావాలి, కట్టకి ఆసరాగా గుట్టలు కావాలి, మరీ పొడుగు లేని గట్టి రాతి కట్ట కావాలి, దగ్గర్లో పొడుగాటి రాళ్లు దొరికే గని కావాలి, పని తెలిసిన జనం కావాలి. "తియ్యటి నీళ్లు" అన్నదాని దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఎంత నీరు అనే కాదు, ఎలాంటి నీరు అని కూడా 1369లోనే అడుగుతున్నారు. ఆ ఏరు మూడు యోజనాలు పారాలంటే ఏంటి? దాని వెనక అంత నేల నుంచి వాన నీళ్లు వచ్చి చేరాలి. ఇప్పుడు ఇంజినీర్లు క్యాచ్‌మెంట్ అనేది అదే.

ఇక దోషాలు. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు మధ్యలో మిట్ట. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం కూడా ఒక దోషం. ఇది చదివి నవ్వుకున్నా. 2023 నవంబరులో నాగార్జునసాగర్ డ్యామ్ మీద రెండు రాష్ట్రాల మధ్య ముళ్లకంచె వేసింది గుర్తుందిగా? చివరి రెండూ మన కథకి ముఖ్యం. నీళ్లు తక్కువ వచ్చి, కింద ఆయకట్టు ఎక్కువ ఉండటం ఒక దోషం. నీళ్లు ఎక్కువ వచ్చి, ఆయకట్టు తక్కువ ఉండటం కూడా దోషమే.

చెరువు పెద్దగా ఉంటే మంచిది అనలేదు వాళ్లు. పైన నేల, మధ్యలో చెరువు, కింద పొలం, ఈ మూడూ ఒకదానికొకటి సరిపోవాలి అన్నారు. నా వీడియోలో నేను చూపించింది మధ్యలోదాన్ని మాత్రమే.

సరే, తాత ప్రశ్నకి వద్దాం. పైన కుంట తెగితే? దీనికి మన దగ్గరే చాలా పెద్ద ఉదాహరణ ఉంది. 1908 సెప్టెంబరు 28, హైదరాబాద్, మూసీ వరద. పోయిన ప్రాణాలు సుమారు 15 వేలని అంచనా. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి చాలామంది బతికారు, ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఈ భాగం మీరు చాలా రీల్స్‌లో చూసే ఉంటారు.

రీల్స్‌లో రానిది, తర్వాత జరిగిన లెక్క. నిజాం ప్రభుత్వం పిలిస్తే 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చారు. ఆయన ముందు చేసిన పని నది పక్కన గోడ గీయడం కాదు. నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో వెనక్కి నడిచారు. శంషాబాద్ దగ్గర 24 గంటల్లో 12.8 అంగుళాల వాన, అంటే 325 మిల్లీమీటర్లు. నగరానికి పైన మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నాయి, దాదాపు చదరపు మైలుకి ఒకటి. వాటిలో 221 తెగాయి. అంటే నగరం మీద పడింది ఆ రోజు వాన ఒక్కటే కాదు, గొలుసులో తెగిన చెరువుల్లో దాచిన నీళ్లు కూడా. ఒకటి తెగి ఇంకోదాని మీద పడితే అది ఆపలేక తెగుతుంది. తాత నన్ను అడిగింది సరిగ్గా ఇదే. ఆయన 1908 గురించి చదివాడని నేననుకోను.

విశ్వేశ్వరయ్య చెప్పిన మందు కూడా చూడండి. వరద వచ్చినప్పుడు దాన్ని పట్టుకోవడానికి పైన ఖాళీ జాగా ఉండాలి అన్నారు. అలా వచ్చినవే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్. వరద ఆపే చెరువులో నీళ్లెంత ముఖ్యమో, ఖాళీ కూడా అంతే ముఖ్యం. మనం లేపుదామన్న రెండడుగులు ఆ ఖాళీనే.

ఇక్కడ నాలోని ఇంజినీరు నిద్రలేచాడు. పాత కథలు సరే, మా చెరువుకి లెక్క నేనే వేస్తా అనుకున్నా. స్వాట్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, సాయిల్ అండ్ వాటర్ అసెస్‌మెంట్ టూల్. అమెరికా వ్యవసాయ శాఖలో జెఫ్ ఆర్నాల్డ్ బృందం టెక్సాస్‌లో 1990ల మొదట్లో తయారుచేసింది. ఫ్రీగా దొరుకుతుంది. లోపల కోడ్ ఫోర్ట్రాన్‌లో ఉంటుంది, మా నాన్న తరం భాష, అయినా పర్ఫెక్ట్‌గా నడుస్తుంది. నేల ఎత్తుపల్లాల మ్యాప్, మట్టి రకం, పంటలు, రోజువారీ వాన ఇస్తే, ఎంత నీరు పారుతుంది, ఎంత ఇంకుతుంది, నీళ్లతో పాటు ఎంత మట్టి, ఎంత ఎరువు కొట్టుకుపోతుంది అన్నీ లెక్కేస్తుంది.

ఎత్తుపల్లాల మ్యాప్ డౌన్‌లోడ్ చేశా. 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో తీసింది. ఒక్కో గడి 30 మీటర్లు. మొదటి స్టెప్‌లోనే ప్రోగ్రాం ఒక పని చేస్తుంది: మ్యాప్‌లో ఎక్కడ గుంట ఉన్నా అది రాడార్ తప్పు అనుకుని పూడ్చేస్తుంది. నీళ్లు ఎక్కడా ఆగకుండా కిందికి పారాలి కదా, అందుకు. రన్ చేశాక చూస్తే మా మండలంలో ఒక్క కుంట లేదు! మాకు బతుకునిచ్చిన ప్రతి గుంటనీ అది ఎర్రర్ అని పూడ్చేసింది. చెరువుల్ని మళ్లీ ఒక్కొక్కటిగా మనమే చేత్తో పెట్టాలి. కట్ట పొడవు, మత్తడి ఎత్తు, తూము ఎప్పుడు తీస్తారు, ఇవన్నీ కావాలి. అవి ఏ శాటిలైట్‌లో ఉంటాయి? మళ్లీ తాత దగ్గరికే పోయా.

స్వాట్ లోపల వాన ఎంత పారుతుందో చెప్పే ఒక చిన్న ఫార్ములా ఉంది, కర్వ్ నంబర్ అంటారు. 1950ల్లో అమెరికా మట్టి సంరక్షణ సంస్థ తెచ్చింది. నేల స్వభావాన్ని బట్టి ఒక నంబర్ ఇస్తాం. ఎంత పెద్ద నంబరైతే అంత ఎక్కువ నీరు ఇంకకుండా పారుతుంది. 80 పెట్టి చూశా. ఒక రోజులో 25 మిల్లీమీటర్ల వాన పడితే పారేది 2 మిల్లీమీటర్లు. అలాంటి వానలు నాలుగు పడితే మొత్తం 8. అదే 100 మిల్లీమీటర్లు ఒక్క రోజులో పడితే పారేది 50. వాన మొత్తం అంతే, చెరువుకి వచ్చే నీళ్లు ఆరు రెట్లు. పది చదరపు కిలోమీటర్ల నేల నుంచి 50 మిల్లీమీటర్లు పారిందంటే 50 కోట్ల లీటర్లు. నేను స్క్రీన్ ముందు కాసేపు అలాగే కూర్చున్నా.

ఎందుకంటే వాన తీరు సరిగ్గా అటే మారుతోంది. పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థలో గోస్వామి బృందం 2006లో సైన్స్ పత్రికలో ఒక పేపర్ వేసింది. 1951 నుంచి 2000 దాకా మధ్య భారతంలో రోజుకి 100 మిల్లీమీటర్లు దాటే భారీ వానలు పెరిగాయి, మామూలు వానలు తగ్గాయి, మొత్తం మాత్రం పెద్దగా మారలేదు. వాళ్లు తీసుకున్న మధ్య భారతం గడి దక్షిణాన పదహారున్నర డిగ్రీల అక్షాంశం దాకా వస్తుంది. జనగామ అందులోనే ఉంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. దాచిన తేమని ఒకేసారి దించేస్తుంది.

పేపర్ సంగతి పక్కన పెట్టండి, మన కళ్లముందే జరిగింది. 2023 జులై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు. తెలంగాణలో రికార్డు. అదే రోజు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని మోరంచవాగు ముంచేసింది, జనం ఇళ్ల కప్పులెక్కారు, హెలికాప్టర్లు వెళ్లాయి. నా 80 నంబర్‌తో 650 మిల్లీమీటర్ల వాన లెక్కేస్తే దాదాపు 580 పారుతుంది. నేల ఇక తాగనని నోరు మూసేసుకున్నట్టే. ఆ తర్వాతి ఏడాది సెప్టెంబరు 1న మహబూబాబాద్ వైపు ఆకేరు పొంగింది, కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. ఆ ఫోటో మీ ఫోన్‌కి కూడా వచ్చే ఉంటుంది.

ఇంకో మాట. లక్ష్మీదేవిపేట ఉన్న వెంకటాపూర్ మండలంలోనే రామప్ప చెరువు ఉంది. ఎనిమిది వందల ఏళ్ల నాటి కట్ట నిలబడింది.

ఇప్పటిదాకా విని, "అయితే మత్తడి లేపొద్దు, అయిపోయింది" అనుకోకండి. లేపుదాం అన్నవాళ్లు ఊరికే అనలేదు. వాళ్ల బాధ బోర్లు. బోర్లతో పాటు నీళ్ల రుచి.

గ్రానైట్‌లో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలుంటాయి. నీళ్లు రాయిలో ఎంత ఎక్కువ కాలం నానితే అంత ఫ్లోరైడ్ దిగుతుంది. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లు గారపడతాయి, ఇంకా ఎక్కువైతే ఎముకలు వంగుతాయి. మన దేశంలో ఈ జబ్బుని మొదట వైద్య పత్రికల్లో నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలో. తర్వాత మన పక్క జిల్లా నల్గొండ పేరు దీనికే అంటుకుపోయింది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్ నీరి సంస్థ తయారుచేస్తే, దాన్ని ప్రపంచమంతా నల్గొండ టెక్నిక్ అనే పిలుస్తుంది. ఒక జిల్లాకి ఇలాంటి పేరు రావడం ఏంటో!

మా నానమ్మ చివరి పదేళ్లు మెడ పక్కకి తిప్పలేకపోయింది. వెనక నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరిగేది. "వయసు బిడ్డా" అనేది. ఆమె తాగింది మా పెరట్లో బోరు నీళ్లు. అందుకే బోరు మాట వస్తే నేను తూకంగా మాట్లాడలేను.

హైదరాబాద్‌కి దక్షిణాన మహేశ్వరంలో 1999 నుంచి ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రాన్స్ భూగర్భ సంస్థ కలిసి ఒక చిన్న వాటర్‌షెడ్‌ని ఏళ్ల తరబడి కొలిచాయి. 53 చదరపు కిలోమీటర్లు, అందులో 700కు పైగా సేద్యపు బోర్లు. రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, నీళ్లిచ్చే పగుళ్లు ఎక్కువగా పైన కొన్ని పదుల మీటర్ల లోపలే ఉన్నాయి. వెయ్యి అడుగులు దింపే బోరు ఎక్కువసార్లు రాయిని తవ్వుతుంది, నీళ్లని కాదు. రెండోది, వరి మడికి పెట్టిన నీళ్లలో దాదాపు సగం మళ్లీ కిందికి ఇంకుతుంది. వినడానికి బాగుంది. కానీ మిగతా సగం ఆవిరైనప్పుడు ఉప్పులు వెనకే ఉండిపోతాయి. అవే నీళ్లు తోడి, పెట్టి, ఇంకి, మళ్లీ తోడి... ప్రతి చుట్టుకీ చిక్కబడతాయి. చెరువు నుంచి కొత్త వాన నీరు దిగితే ఆ చిక్కదనం పలచబడుతుంది. ఇప్పుడు తాగడానికి నల్లాలో భగీరథ నీళ్లొస్తున్నాయి, కానీ పొలం దగ్గర దాహమేస్తే ఎవరైనా తాగేది బోరు కిందే. కాబట్టి ఊళ్లోవాళ్లు నీళ్లు ఇంకో రెండు నెలలు ఆగాలనుకోవడంలో తప్పు లేదు.

మరి ఆపడం ఎక్కడ? శంకర్‌పల్లి మండలం కొత్తపల్లిలో 1999లో ఇక్రిశాట్ రైతులతో కలిసి ఒక ప్రయత్నం చేసింది. ఒక్క పెద్ద కట్టని లేపకుండా, పైనుంచే పొలం గట్లు, చిన్న చెక్‌డ్యాములు, పాత బావుల్లోకి వాన నీరు. తర్వాత పరిశోధకులు దాన్ని స్వాట్‌లో పెట్టి చూశారు. భూమిలోకి ఇంకేది పెరిగింది, కోతకి గురయ్యే మట్టి తగ్గింది, ఊరు దాటి పోయే నీరు బాగా తగ్గింది. అద్భుతం కదా? ఆగండి. కొత్తపల్లి నీళ్లు దిగేది ఉస్మాన్ సాగర్‌కి. పైన ఊళ్లన్నీ ఇలాగే చేస్తే ఏమవుతుందో కూడా అదే బృందం లెక్కేసింది. ఊళ్లకి లాభం, జలాశయానికి వచ్చే నీరు తగ్గుతుంది. విశ్వేశ్వరయ్య నీళ్లు ఎక్కువై కట్టించిన చెరువుకి, ఇప్పుడు నీళ్లు తక్కువయ్యే లెక్క! మన పైవాడు ఆపుకుంటే మనకి తగ్గినట్టే, మనం ఆపుకుంటే మన కిందివాడికి తగ్గుతుంది. మా చెరువు కింద కూడా ఒక ఊరుంది. నా వీడియోలో ఆ ఊరి పేరే ఎత్తలేదు నేను.

పోయిన నెల ఊళ్లో కూర్చున్నాం. లాప్‌టాప్ తీసుకెళ్లా, కింది ఊరి వాళ్లని కూడా పిలిచాం. మత్తడి ముట్టుకోవద్దని తేల్చుకున్నాం. ఒప్పుకోవడం అంత తేలిగ్గా జరగలేదు, ఒకాయన "వీడే లేపమన్నడు, వీడే వద్దంటున్నడు" అన్నాడు, నిజమే కదా. చందా డబ్బులతో పైనుంచి వచ్చే కాలువలో పూడిక తీద్దామని, చెరువులో మూడు చోట్ల పూడిక మట్టి తీసి పొలాలకు తోలుకుందామని అనుకున్నారు. లోతు పెరుగుతుంది, ఎత్తు పెరగదు. మట్టి ఎవరి పొలానికి ఎన్ని ట్రాక్టర్లు అన్నదాని మీద ఇంకా గొడవ నడుస్తోంది.

తూము రాయి మీద తెల్ల పెయింట్‌తో అడుగుల గీతలు గీశాం. వాన పడ్డ ప్రతిరోజూ పొద్దున ఫోటో తీసి పెట్టే పని ఎనిమిదో తరగతి చదివే ఇద్దరు పిల్లలది. మోడల్‌కి కావాల్సింది అదే, ఎక్కడా డౌన్‌లోడ్‌కి దొరకనిది అదే.

పాత వీడియో తీసేయలేదు, దాని కింద ఈ ఎపిసోడ్ పిన్ చేశా. మా చెరువుకి పైన మూడు కుంటలున్నాయి. తాతతో పోయి రెండింటి కట్టలు చూసొచ్చా, ఒకదానికి ఎలుక బొరియలు పడ్డాయి. మూడో కుంటకి దారి లేదు, సర్కారు తుమ్మ కమ్మేసింది. వచ్చే ఆదివారం గొడ్డళ్లు పట్టుకుని పోతున్నాం. దగ్గర్లో ఉన్నవాళ్లు ఎవరైనా వస్తానంటే కామెంట్‌లో చెప్పండి, పొద్దున ఆరింటికి కట్ట దగ్గర.